ఎప్పటికీ అని రాసిచ్చిన ఆట

ప్రసన్నకుమారి అరచెయ్యి బల్ల మీద పడిన చప్పుడుకు కాగితం పొట్లంలో మిరపకాయ బజ్జీలు ఎగిరిపడ్డాయి.

"ఎప్పటికీ అని రాసింది మీరే గదా సార్? ఎప్పటికీ అంటే ఏందో చెప్పండి. మీకు గిట్టుబాటయ్యేదాకనా?"

ఎదురుగా ఉన్న శివశంకర్ తొణకలేదు. ఒక బజ్జీ తీసుకుని, తొడిమ గిల్లి పక్కన పెట్టి, నింపాదిగా కొరికాడు. ఎర్రమల గేమ్స్ యజమాని. మొన్నటిదాకా ఆమె చేత అన్నా అని పిలిపించుకున్నవాడు. ఈ రోజు సార్ అయ్యాడు.

కర్నూలులో బొజ్జన్న స్టేషనరీ కొట్టు మీది గది అది. అల్మరాల నిండా ఆటల పెట్టెలు. బల్ల మీద రంగురంగుల పాచికలు. కిటికీలోంచి కింది బండి దగ్గర కాగుతున్న నూనె వాసన. మామూలు రోజైతే ఊళ్లో ఇంతకంటే సంతోషమైన చోటు లేదు. ఈ ఇద్దరికీ ఆటలు నేర్పింది బొజ్జన్నే. అందుకే తగవు తీర్చమని ఇద్దరూ ఆయన దగ్గరికే వచ్చారు. ఆయన పెట్టిన షరతులకు ఒప్పుకునే కూర్చున్నారు. మధ్యలో ఎవరూ లేచిపోకూడదనేది వాటిలో ఒకటి.

శివశంకర్ కొన్నేళ్ల కిందట ఒక కథల ఆట తయారుచేశాడు. ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్ర అయిపోయి, ఆ పాత్రలాగే మాట్లాడుతూ, పాచికలు వేస్తూ ముందుకు పోవాలి. అప్పటికి కంపెనీ పేరు ఎవరికీ తెలియదు. పదిమందిలోకి పోవాలని ఓపెన్ లైసెన్స్ ఇచ్చాడు. ఈ ఆట నియమాలు ఎవరైనా వాడుకోవచ్చు. వాటి మీద సొంత కథలు రాసి అమ్ముకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. ఎప్పటికీ.

బేతంచెర్లలో ప్రసన్నకుమారి ఆ మాట నమ్మింది. నాపరాతి గనుల అడుగున ఇంకో ఊరుందని కథ అల్లింది. రాళ్ల లారీలు, తెల్లటి దుమ్ము, పాలిష్ మిషన్ల రొద, అన్నీ అందులోకి తెచ్చింది. మొదటి పుస్తకం శివశంకర్‌కే పంపింది. ఆయన అన్నం మరిచిపోయి చదివి, ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు.

ఇప్పుడు కర్నూలు, కడప కాలేజీ హాస్టళ్లలో కంపెనీ సొంత కథలకంటే ఆమె కథలే ఎక్కువ ఆడుతున్నారు. వచ్చిన చిక్కల్లా అదే. ఉన్నట్టుండి కంపెనీ కొత్త లైసెన్స్ తెచ్చింది. పాతది చెల్లదట. ఇక మీద ఏది అచ్చేయాలన్నా అనుమతి తీసుకోవాలి, అమ్మకంలో వాటా ఇవ్వాలి. ఆమె కథలను మాత్రం కంపెనీ అడగకుండానే వాడుకుంటుంది. సంతకం పెట్టకపోతే పుస్తకాలు ఆపెయ్యాలి.

"అప్పుడు మాది చిన్న కంపెనీ. అందరూ ఆడితే చాలనుకుంటిమి," అన్నాడు శివశంకర్. "ఇప్పుడు మా పొయ్యి మీదనే వండుకొని, మా వాకిట్లోనే అంగడి పెడితే మేం చూస్తా కూచోవాల్నా ప్రసన్నమ్మా? ఇది వ్యాపారం. ఏడుపులకు ఈడ చోటు లేదు."

నిన్న ఫోనులో నడిచిన మాటలే. ఒక్కటీ మారలేదు. నిన్న అవి మామూలు మాటల్లాగే ఉన్నాయి. ఇప్పుడు ఎదురుగా కూర్చుని వింటుంటే చెంప మీద కొట్టినట్టుంది.

ప్రసన్నకుమారికి చెవులు వేడెక్కాయి. ఇంత కోపం వస్తుందని గదిలోకి వచ్చేటప్పుడు అనుకోలేదు. వండుకోండని అందరినీ పిలిచిందెవరని నిలదీసింది. బేతంచెర్ల కథ ఆడాలనే కంపెనీ నియమాల పుస్తకం కొన్నవాళ్లు లేరా అని అడిగింది. ఆ లాభం ఎవరి ఇంటికి పోయిందని అడిగింది. ఆయన బజ్జీ నములుతూ విన్నాడు.

"సంతకం పెట్టకుంటే ఏం జేస్తావు?" అన్నాడు తీరిగ్గా. "ఈ పుస్తకాల మీద మీ ఇంట్లో ఎవురెవురు బతుకుతాండారు?"

ఆమె నోరు తెరిచింది. జవాబు రాలేదు. వెతుక్కున్నా రాలేదు.

"చూడు, నువ్వే చెప్పలేకపోతివి. నాకెట్ల తెలుస్తాది?"

బొజ్జన్న ఒక పాచిక దొర్లించి, పడిన అంకె చూసి, మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

ప్రసన్నకుమారి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. షరతు లేకపోతే లేచిపోయేదే.

"ఆపు." ఈసారి సార్ కూడా పోయింది. "నీకంటే బాగా రాసినాననే గదా నీ కడుపుమంట? ఆ మాట చెప్పు. పొయ్యి, అంగడి అని యాడికో పోవద్దు. పోటీ వస్తే నువ్వు ఇంకో మంచి కథ రాయల్ల. శానా మంచిది రాయల్ల. అంతేగాని ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటావా? రేపు నువ్వు ఏం రాసిచ్చినా ఎవురప్పా నమ్మేది?"

చివరి మాట దగ్గర కళ్లలో నీళ్లు తిరిగాయి. శివశంకర్ చేతిలో సగం కొరికిన బజ్జీ అలాగే ఉండిపోయింది.

"చాలప్పా," అన్నాడు బొజ్జన్న, పాచికలన్నీ డబ్బాలో వేస్తూ. "ఆట అయిపాయ."

ఒకరి పాత్ర ఒకరు ఆడాలన్నది ఆయన పెట్టిన మొదటి షరతు. ఇంతసేపూ ప్రసన్నకుమారిగా మాట్లాడిన ఎర్రమల గేమ్స్ యజమాని శివశంకర్ కళ్లు తుడుచుకున్నాడు. నిన్న తను ఫోనులో అన్న మాటలే శివశంకర్ పాత్రలో తనకు వినిపించిన అసలు ప్రసన్నకుమారి వైపు చూడలేక తల దించుకున్నాడు.