ఎడమవైపు కుర్చీ

కంచంలో కుడి సగం తుడిచినట్టు ఖాళీ అయింది. ఎడమ సగం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఇంకాస్త వడ్డించమ్మా. ఈ మధ్య నీ చెయ్యి మరీ చిన్నదైపోయింది," అన్నారు మామగారు.

కోడలు కంచాన్ని సగం చుట్టు తిప్పింది.

"అలా రా దారికి," అని ఆయన మళ్ళీ మొదలుపెట్టారు.

ఆయన గడియారాలు బాగుచేసేవారు. ఒకరోజు దుకాణంలోనే పక్షవాతం వచ్చి స్టూలు మీంచి పక్కకి ఒరిగిపోయారు. మెదడులో కుడి సగం దెబ్బతిందన్నాడు డాక్టరు. కళ్ళు బాగానే ఉన్నాయట. ఎడమవైపు అంటూ ఒకటుందన్న సంగతే ఆయనకి తట్టదట. దాన్ని పట్టించుకునేది ఆ కుడి సగమేనట.

మాటలు చూసుకునేది ఎడమ సగం కాబట్టి నోటికి ఏ ఢోకా లేదని కూడా చెప్పాడు. ఆ ముక్క ఇంట్లోవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

"అమ్మాయ్, దుప్పటి."

"అమ్మాయ్, కిటికీ."

"అమ్మాయ్, ఆ గోడ గడియారం వెనకబడినట్టుంది, చూడు."

భర్త పొద్దున వెళ్తే చీకటిపడ్డాకే వచ్చేవాడు. ఆ పిలుపులన్నిటికీ పలికేది ఆమె ఒక్కతే.

ఓ మధ్యాహ్నం ఒళ్ళు హూనమై, మంచానికి ఎడమపక్క కుర్చీ లాక్కుని కూలబడింది.

"అమ్మాయ్," అని ఆయన కుడివైపు గుమ్మం కేసి పిలిచారు. చేతికందే దూరంలో ఉన్న మనిషి ఆయనకి లేదు.

ఆమె పలకలేదు. ఆయన కాసేపు చూసి ఊరుకున్నారు.

ప్రాణం ఎంత హాయిగా ఉందో.

అప్పట్నుంచి పనయ్యాక ఆ కుర్చీయే. చేతిలో ఫోను, అందులో నవ్వించే వీడియోలు. బయటికి వినబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

ఒకరోజు ఆయన పిలిచారు. మళ్ళీ పిలిచారు. ఈ ఒక్కటీ అయ్యాక లేద్దామనుకుంది.

లేచేసరికి పక్క తడిసిపోయింది.

"నువ్వేదో పనిలో ఉండుంటావు. నేనే ఆగలేకపోయాను," అన్నారాయన, గుమ్మం వైపే చూస్తూ.

దుప్పటి మారుస్తుంటే ఆమెకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మర్నాడు కుడివైపు కూర్చుంది. ఆ తర్వాత మళ్ళీ ఎడమకే వెళ్ళింది.

భర్త ఇంట్లో ఉన్న రోజు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. కాగితం, పెన్సిలు ఇచ్చి, "గడియారం గియ్యండి తాతగారూ," అంది.

మొదటిసారి గీసినప్పుడు అంకెలన్నీ కుడి సగంలోనే ఒకదాని మీద ఒకటి పడ్డాయి. జన్మంతా గడియారాలతో బతికిన మనిషి దాన్ని చూసుకుని, బాగానే ఉందన్నారు.

ఈసారి ఏడు కిందనుంచి ఎడమకి పాకింది. ఎనిమిది దాని వెంటే వెళ్ళింది.

"తాతగారికి ఎడమపక్క ఎవరు కూర్చుంటున్నారు?" ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "అటునుంచి మనిషి అలికిడి వినిపిస్తుంటే మెల్లగా అటు తిరగడం అలవాటవుతుంది. నేను చెప్దామనుకుంటుండగానే మీరే కనిపెట్టేశారు."

"తనేనండీ. ఎప్పుడు చూసినా అక్కడే ఉంటుంది," అన్నాడు భర్త గర్వంగా.

"నవ్వు వినిపిస్తుందమ్మా," అన్నారు మామగారు ఆ అమ్మాయితో. "ఎవరో లోపల్లోపల నవ్వుకుంటుంటారు. ఎక్కడా అని వెతుక్కుంటాను. ఆ దుప్పటి మార్చిన రోజు కూడా..."

"ఏ రోజు నాన్నా?"

"ఏదో ఒక రోజులే," అని ఆయన మాట దాటేశారు.

కోడలు లేచి కుర్చీని కుడివైపుకి లాగబోయింది.

"జరపకండి. మీరు అక్కడే కూర్చోవాలి," అంది ఫిజియో అమ్మాయి.

కూర్చుంది.

మామగారు కష్టపడి మెడ ఎడమకి తిప్పారు. చూపు తడుముకుంటూ వచ్చి ఆమె మీద ఆగింది.

"ఇక్కడే ఉన్నావా అమ్మా," అన్నారు.