పన్నెండో సంతకం

"సంతకం పెట్టను," అన్నాడు వెంకటరాజు, కాగితాన్ని బల్ల మీద వెనక్కి నెట్టేస్తూ.

మాణిక్యం దాన్ని మళ్ళీ ముందుకు జరిపాడు. "పదకొండు మంది పెట్టేశారు రాజుగారూ. మీదొక్కటే మిగిలింది."

దుబాయ్ జెబెల్ అలీలోని ఆ గోడౌన్‌లో వాళ్ళ సెక్షన్‌కి పన్నెండు మంది. వెంకటరాజు సూపర్‌వైజరు. మాణిక్యం ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఒకరిని తీసేస్తున్నారన్న మాట మంగళవారం పొద్దున బయటికొచ్చింది. మధ్యాహ్నానికల్లా మాణిక్యం ముదీర్, అంటే మేనేజరు, షాహుల్ గదిలో ఉన్నాడు. అందరూ నెలకి రెండేసి రోజుల జీతం వదులుకుంటే ఎవరినీ తియ్యక్కర్లేదు కదా అని అడిగాడు. రెండు చాలవు, నాలుగేసి కావాలన్నాడు షాహుల్. పన్నెండు సంతకాలూ గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపు చేరాలి. ఒక్కటి తగ్గినా కుదరదు.

తీసేసే మనిషి పేరు మాత్రం చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నాడు మాణిక్యం. సెలవు మీద ఊరెళ్ళి పది రోజులు ఆలస్యంగా వచ్చిన గంగాప్రసాదే అయ్యుంటాడు.

ఇవాళ బుధవారం.

"మీరే కాదంటే ఎలాగండీ?" అన్నాడు మాణిక్యం. "మనిద్దరం ఒక్క సంఘం వాళ్ళం."

అది నిజమే. ఇద్దరూ రాజమండ్రిలో ఒకే ఏడు మోర్మన్ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నారు. సంఘం నియమం ప్రకారం, గోడౌన్ మొత్తంలో చాయ్ ముట్టనివాళ్ళు వాళ్ళిద్దరే. కానీ ఆదివారం క్లాసులో ఒకే గ్రంథం తెరిచి చెరో వైపు లాగుతారు. మాణిక్యం ఒకప్పుడు మిల్లు గేటు ముందు ఎర్రజెండా పట్టినవాడు. వెంకటరాజు సొంత రొయ్యల చెరువు తవ్వించి, అది మునిగినా ఎవరి ముందూ చెయ్యి చాపనివాడు.

"క్రీస్తు వచ్చి వెళ్ళాక మన గ్రంథంలోని జనం ఏం చేశారండీ? ఉన్నదంతా ఉమ్మడిలో పెట్టుకున్నారు. ఉన్నోడు, లేనోడు అన్న తేడా లేకుండా పోయింది. గ్రంథంలో ఉందా, లేదా?"

"ఉంది. ముదీర్ గడువు పెట్టి పన్నెండు సంతకాలు అడిగాడని ఉందా?"

"నేనెవర్నీ బలవంతం చెయ్యలేదు."

"పదకొండు మంది పెట్టిన కాగితం తెచ్చి, నీదొక్కటే మిగిలిందనడం బలవంతం కాదేంటి బ్రదర్? ఎంచుకునే స్వేచ్ఛ దేవుడిచ్చాడు. దాన్ని లాగేసుకుని అందర్నీ మంచివాళ్ళని చేస్తానన్నవాడు ఎవడో గ్రంథంలోనే ఉంది."

"అంటే నేను సైతాను పార్టీ అంటారు."

"జెండా రంగు సరిపోయింది కదా!"

మాణిక్యానికి నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. "ఒక మనిషి బతుకండీ ఇది."

"గంగాప్రసాద్ పెట్టాడా?"

"అందరికంటే ముందు."

"వాళ్ళావిడకి కాలు ఆపరేషన్ అన్నావు. నెలకి నాలుగు రోజుల జీతం పోతే ఏం పంపిస్తాడు? అడిగావా?"

"ఉద్యోగమే పోతే ఏం పంపిస్తాడండీ?"

వెంకటరాజు కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. "అది వదిలెయ్. ఇలా కూర్చో. కొత్త సాఫ్ట్‌వేర్‌లో లోడింగ్ షెడ్యూల్ వెయ్యడం నేర్చుకో."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. రోజంతా ఆ బండి మీదే ఊరేగుతావా ఏంటి?"

గంటసేపు పళ్ళు బిగబట్టి నేర్చుకున్నాడు మాణిక్యం.

గురువారం పదకొండున్నరకి గంగాప్రసాద్‌ని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. మొహం మీద 'కుదరదు' అనడం ఎవరికైనా కష్టం. అదీ మాణిక్యం ధీమా.

"సార్, జర పెట్టుండ్రి," అన్నాడు గంగాప్రసాద్ టోపీ చేతిలోకి తీసుకుని. "ఎవలిదైనా నౌకరి నౌకరే గదా. నాలుగు దినాలు తక్కువైతె ఎట్లనో ఒకట్ల ఎల్లదీస్త."

వెంకటరాజు కాగితం కేసి చూడనేలేదు. "కిష్టవ్వకి ఆపరేషన్ ఎప్పుడు?"

"అచ్చే నెల సార్."

"మంచి ఆస్పత్రిలో చేయించు. వెళ్ళు, బండి దగ్గర పనుంది."

గంగాప్రసాద్ వెళ్ళగానే మాణిక్యం గొంతు లేచింది. "సోమరిపోతు పనిచేసేవాడి కూడు తినకూడదని మీకిష్టమైన వాక్యం ఒకటుంది. వాడు సోమరా?"

"కాదు."

"మరింకేంటి?"

"కంపెనీకి అక్కర్లేని చోటు నిలబెట్టడానికి పదకొండు ఇళ్ళల్లో కూడు తగ్గించడం నాకు న్యాయంగా కనబడలేదు. ఇచ్చేది మనసులోంచి రావాలి మాణిక్యం, కాగితం మీంచి కాదు."

"మీ మనసులో ఏముందో చూశాను. ఆదివారం రొట్టె పంచేటప్పుడు నా పక్కన కూర్చోకండి."

"సరే, కూర్చోను," అన్నాడు వెంకటరాజు. గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండు కావస్తోంది. "ఇంక ఖలాస్. వెళ్ళు."

షాహుల్ గదిలో మాణిక్యం కాగితం బల్ల మీద పెట్టాడు. షాహుల్ వేలితో లెక్కపెట్టి తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క ఉపకారం చెయ్యండి సార్," అన్నాడు మాణిక్యం హిందీలో. "గంగాప్రసాద్‌కి ఉద్యోగం తీసేసే ఉత్తరం మీరు ఇవ్వొద్దు. నేను నెమ్మదిగా చెప్పి ఇస్తాను."

"గంగాప్రసాద్ అని నీకెవరు చెప్పారు?"

"మరి ఎవరికి సార్?" అన్నాడు మాణిక్యం.

"సోమవారమే ఇచ్చేశాను. ఎవరికీ చెప్పొద్దని నా చేత మాట తీసుకున్నాడు. ఇప్పుడిక దాచి ఏం లాభం?"

షాహుల్ ఫైలు తెరిచి ఉత్తరం నకలు అతని వైపు తిప్పాడు. అడుగున, ఉత్తరం ముట్టిందని రాసి, సోమవారం తేదీ వేసి ఉంది.

పక్కనున్న సంతకం వెంకటరాజుది.