కలివికోడి పిల్ల

బద్వేలులో ఇప్పుడు ఏ మిద్దె మీద చూసినా గదంత పంజరాలే. అంతరించిపోయిన పక్షుల గుడ్లు తయారుచేసే మిషన్ మిక్సీలాగా ఇంటింటికీ వచ్చేసింది. పక్కింటివాళ్ల గులాబితల బాతులు తెల్లారకముందే గోల మొదలుపెడతాయి. పెంచలయ్య కల మాత్రం ఒక్కటే: తమ అడవిలో ఒకప్పుడు తిరిగిన కలివికోడి. ఆ గుడ్లేమో కరెంటు పెట్టెలో ఎన్నిసార్లు పొదగేసినా మురిగిపోయాయి.

మిగిలిన ఒక్క గుడ్డునూ భార్య ఓబుళమ్మ, అతన్ని అడక్కుండానే, గంపలో పొదుగుతున్న నాటుకోడి కింద పెట్టేసింది.

"ఎంత పని చేస్తివే!" అని పెంచలయ్య ఎగిరిపడ్డాడు.

"బాతుగుడ్లు పెడితే పిల్లలు చేయలేదా అది? గుడ్డు ఎవురిదైతే దానికేమి?"

పిల్ల అయింది. కానీ అది రాత్రి తిరిగే జాతి. పగలంతా కోడి రెక్క కింద నిద్రపోయి, పొద్దుగూకగానే పురుగుల కోసం పెరట్లోకి పరిగెత్తింది.

"చీకటి పడితే కోడికి కండ్లు కనపడవు గదే. పిల్లనెట్ల సాకుతాది?" అంటూ పెంచలయ్య పెరటి లైటు స్విచ్చి దగ్గరికి నడిచాడు.

అంతలో కోడి గంపలోంచి లేచింది. నాలుగడుగులు వేసి గోడకు కొట్టుకుంది. పిల్ల వెనక్కి వచ్చి కీచుమంది. కోడి ఆ గొంతు వైపు తిరిగింది. పిల్ల కాస్త ముందుకుపోయి, ఆగి, మళ్లీ పిలిచింది.

స్విచ్చి మీదికి పోయిన మొగుడి చేతిని ఓబుళమ్మ పట్టుకుంది.

"లైటెందుకులేయ్యా. బిడ్డ పిలుస్తాంది కదా."