మెరుపు లేని రోడ్డు

“ఇప్పుడు చూడు, రోడ్డు మీద మెరుపనేదే లేదు,” అన్నాడు కేశవులు కొత్త చలువ కళ్లద్దాలు సర్దుకుంటూ.

ఎదురెండ కళ్లలో గుచ్చుతోందని సోమందేపల్లెలో వ్యాను ఆపి కొన్నాడు. కొట్లో నాలుగైదు జతలు పెట్టుకుని, వీధిలోకొచ్చి ఎండకేసి చూసి మరీ ఎంచుకున్నాడు. ఇప్పుడు వెనక నాపబండల బరువున్నా జోరుగా తోలుతున్నాడు.

పక్కన కూర్చున్న భార్య నాగరత్నమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు వంక, అదే వాగు, దాటే చోట రోడ్డు తళతళలాడుతోంది. ఆమె అటు చూసి చెంగు తల మీదికి లాక్కుంది.

కొంగ ఒకటి వచ్చి ఆ తళతళలో వాలింది. దాని కాళ్లు మునిగిపోయాయి.

ఆమె అతని భుజం గట్టిగా పట్టుకుంది. “ఆపు. ఆపప్పా బండి.”

బ్రేకు కీచుమంది. బండలు జరిగి క్యాబిన్‌ను గుద్దాయి. వ్యాను ఆగేసరికి ముందు చక్రాలు నీళ్లలో ఉన్నాయి.

కేశవులు అద్దాలు తీశాడు. అవి ఆపేసిన నీళ్ల మెరుపు ఒక్కసారిగా కళ్లలో కొట్టింది. ఇంతసేపూ ఎర్రమట్టి పట్టిన రోడ్డులా కనిపించిందంతా నీళ్లే. ఎగువ వానకు వంక పొంగి రోడ్డు మీదుగా పారుతోంది.

“నాకు నీళ్లు కనపళ్లేదు,” అన్నాడు మెల్లగా.

“నాకు ఎప్పుడో కనపడినాయి,” అంది నాగరత్నమ్మ. “ఈ వంకలో నీళ్లు యాడివిలే, ఎండమావి అనుకొని ఊరికే కూచున్నా.”