ఓవెన్ పాడైంది

“అమ్మా! అమ్మా, ఎక్కడున్నావ్?”

నళిని మూడోసారి కేక వేసింది. పలికేవాళ్లు లేరు. బాత్‌రూమ్ ఖాళీ, పడకగది ఖాళీ. తలుపు పక్కన ఉండాల్సిన పెద్ద కోటు లేదు, మంచు బూట్లు లేవు.

పంతొమ్మిది వందల ఎనభై మూడు, డిసెంబరు. క్రిస్మస్ రెండు రోజుల్లోకి వచ్చింది. ఆ మధ్యాహ్నం షామ్‌బర్గ్‌లో చలి సున్నాకి పది డిగ్రీల కింద ఉంది, అదీ ఫారెన్‌హీట్‌లో. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పుట్టి పెరిగింది గుంటూరు ఎండల్లో, ఈ చలిలో ఎక్కడికి పోయినట్టు?

నళిని వంటింట్లోకి పరుగెత్తింది. పొద్దున అమ్మ కేకు పిండి కలిపిన స్టీలు బేసిన్ లేదు. గుంటూరు నుంచి పెట్టెలో మోసుకొచ్చిన రెండు కేకు టిన్నులూ లేవు. గట్టు మీద మైదా మరకలు, నాలుగు కిస్మిస్‌లు మిగిలాయి. పార్టీలకు తప్ప బయటికి తియ్యని పెద్ద గిన్నెలన్నీ కుక్కిన ఓవెన్ తలుపు మూసే ఉంది. దాని వంక ఒక్క క్షణం చూసి ఫోన్ అందుకుంది.

“ఏవండీ, అమ్మ కనబడటం లేదు!”

“కింద లాండ్రీ రూమ్‌లో చూశావా?” అన్నాడు రాజ్ ఆఫీసు నుంచి.

“అన్నీ చూశాను. పిండి బేసిన్ కూడా లేదు.”

“పిండి పట్టుకుని ఎక్కడికెళ్తారావిడ? నువ్వేమైనా అన్నావా?”

“ఏమంటాను? ఓవెన్ పాడైంది, ఈసారికి కేకు స్టోర్‌లో కొనుక్కుందాం అన్నాను. అంతే.”

అవతల రాజ్ కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు వినిపించింది.

“సరే, నేను బయల్దేరుతున్నా. పోలీసులకి ఫోన్ చెయ్యి. నువ్వు మాత్రం బయట తిరగకు. అసలే ఓపిక లేదు నీకు.”

పోలీసు ఒక్కొక్కటే తీరిగ్గా అడిగాడు. పేరు దయామణి. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా రిటైరైంది, ఇంగ్లీషు వచ్చు. ఈ దేశం వచ్చి రెండు నెలలైంది.

“మతిమరుపు ఉందా?”

వారం కిందటి వరకూ అమ్మ ఈ అపార్ట్‌మెంట్‌లో అందరికంటే చురుకైన మనిషి. ఈ వారంలోనే ఏమైందో ఏమో! పాయసంలో ఉప్పు వేసింది. కుళాయి తిప్పి కట్టెయ్యడం మర్చిపోయింది. బైబిలు తెరుచుకుని గంటసేపు ఒకే పేజీ చూస్తూ కూర్చుంది. ఏంటమ్మా అంటే, ఏం లేదే అంది.

“ఉన్నట్టుంది,” అంది నళిని.

“ఈ చలిలో ఎక్కువసేపు బయట ఉండకూడదు మేడమ్. కారు పంపిస్తున్నాం.”

ఆ మాట విన్నాక ఇంట్లో ఎలా కూర్చుంటుంది? కోటు తగిలించుకుని మెట్లు దిగింది. మంచులో చిన్న చిన్న బూటు గుర్తులు. అమ్మవే! అవి పార్కింగ్ దాటి, బిల్డింగ్ వెనక్కి తిరిగి, గడ్డకట్టిన గుంట వైపు వెళ్లాయి. గుంట ఒడ్డున ఆగిపోయాయి.

గుంట మధ్యలో మంచు నల్లగా, పల్చగా కనిపిస్తోంది.

“ప్రభువా, అమ్మని నాకు దక్కించు,” అంటూ, గాలి మంచుని ఊడ్చేసిన ఒడ్డు వెంబడి నడిచింది. రెండుసార్లు ఆయాసంతో ఆగి చెట్టు పట్టుకుంది. మూడో మలుపులో గుర్తులు మళ్లీ కనిపించాయి. రోడ్డు దాటాయి. రోడ్డుకి అవతల ఒక పాత బేకరీ.

తలుపు తోయగానే జాజికాయ, లవంగాల వాసన గుప్పుమంది. లోపల బట్టీ పక్కన రెండు కుర్చీలు. ఒకదాంట్లో అమ్మ, చేతిలో కాగితం చీటీ పట్టుకుని.

“వచ్చావా? కూర్చో,” అంది దయామణి.

“నీకేమైనా మతి పోయిందా అమ్మా? గుంటలో పడి చచ్చిపోయావనుకున్నాను!” నళిని భోరుమంది.

“బాతులున్నాయేమోనని ఆగానే. నువ్వు పనిచేసే చోటికి రెండుసార్లు ఫోన్ చేయించాను, ఎంగేజ్ వచ్చింది. శుక్రవారం నీకు ఓవర్‌టైమ్ కదా, అయిదింటికిగాని రావనుకున్నా.”

“ఇవాళ తొందరగా వదిలేశారు.” నళిని కళ్లు తుడుచుకుంది. “అయినా ఇక్కడికెందుకొచ్చావ్?”

“గుంటూరులో మాత్రం మనింట్లో ఓవెన్ ఏడిసిందా? పిండి కలిపి బేకరీకి మోసుకెళ్లి, టిన్ను మీద మన పేరు చీటీ అంటించి, వంతు వచ్చేదాకా బట్టీ దగ్గర కూర్చునేవాళ్లం. నువ్వు నా ఒళ్లో నిద్రపోయేదానివి. ఈ బేకరీ ముసలాయనకి చెబితే నవ్వి, సరే తెమ్మన్నాడు.”

“అంత టైమ్ ఎక్కడిదమ్మా ఇప్పుడు?”

“అందుకే ఇక్కడికి తెచ్చాను. ఇంట్లో నువ్వు అయిదు నిమిషాలు నా పక్కన కూర్చోవు. కేకు అయ్యేదాకా ఇక కదలడానికి లేదు.”

నళిని కుర్చీలో కూలబడింది. దయామణి కూతురి మణికట్టు పట్టుకుంది. నాడి చూస్తున్నట్టు పట్టుకుని ఇక వదల్లేదు. బట్టీలోంచి వెచ్చటి గాలి ఇద్దరి మీదకీ వస్తోంది. నళిని చాలా రోజుల తర్వాత తల వాల్చింది, తల్లి భుజం మీద.

“పండగయ్యాక ఓవెన్ రిపేర్ చేయిస్తాలే అమ్మా,” అంది కళ్లు మూసుకునే.

“ఓవెన్‌లో దాచిన నీ బయాప్సీ రిపోర్టు వారం కిందటే చూశాను తల్లీ.”