గేటు మీద అంకె

ప్రతి నెలా చోటు చాలక ఎన్ని కుక్కలకు ప్రాణం తీసే సూది వేశారో అనాథ జంతువుల షెల్టర్ గేటు మీద రాసిపెట్టాలని టెక్సస్‌లోని ఒక కౌంటీ కొత్త నిబంధన తెచ్చింది.

డైరెక్టర్ లొరెట్టా చెప్పగా, ఆ రోజే చేరిన గుమాస్తా డెల్బర్ట్ రాశాడు: నలభై ఒకటి.

ఊరంతా వచ్చి ఆమెను హంతకురాలని తిట్టిపోసింది. చర్చిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. కానీ తిట్టడానికి వచ్చినవాళ్లే జాలిపడి తలా ఒక కుక్కను ఇంటికి తీసుకుపోయారు. షెల్టర్ ఖాళీ అయింది.

రెండో నెల రెండని రాయించింది. ఊరు సంతోషించింది, ఎవరూ రాలేదు. షెల్టర్ మళ్లీ నిండింది. ఇక సూదులు వేయక తప్పని పరిస్థితి.

మూడో నెలాఖరున డెల్బర్ట్ అడిగాడు. "మూడని రాయనా, మేడమ్?"

"యాభై అని రాయి."

"అయ్యో, అబద్ధమా? మీ ఉద్యోగం పోతుంది! మొదటి నెల నిజం రాసినందుకే మిమ్మల్ని అంతలా తిట్టారు కదండీ!"

లొరెట్టా మార్కర్ పెన్ను అతని చేతికిచ్చింది.

"ఆ నెల నేను సూది వేసింది ఒక్కదానికే, డెల్బర్ట్."