రాయి మీద పేరు

"నీ రుజువు సాలదు," అన్నాడు కోదండం.

భవానీపూర్ కాలేజీలో రెండో ఏడు చదువుతున్న మనవరాలు సుజనకు ఒళ్లు మండింది. నెల రోజులు కలకత్తా రేవు పక్కన గార్డెన్ రీచ్ పేట అంతా తిరిగి సంపాదించిన కాగితాలు ఆమె ఒడిలో ఉన్నాయి. డాక్‌లో ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన తాత వాటిని ముట్టుకోనైనా లేదు.

1982లో ఓడ అడుగున బస్తాలు విరుచుకుపడి గవరయ్య అనే కూలీ చనిపోయాడు. పనిలో పోయినవాళ్ల పేర్లతో ఇప్పుడు కార్మిక సంఘం ఒక రాయి నిలబెడుతోంది. అందులో గవరయ్య పేరు లేదు. అతని కోసం ఎవరూ రాలేదు కాబట్టి వదిలేశామన్నారు. ఆ పేరు చెక్కి తీరాలన్నదే సుజన కాలేజీకి రాస్తున్న వ్యాసం. వాదన గట్టిగా ఉంటే దాన్ని సంఘానికి పంపుతానని పాఠం చెప్పే మేడమ్ మాటిచ్చారు. తన కోసం ఎవరూ ఏడవని ఆ మనిషి మీద సుజనకు నిజంగానే జాలి.

"ఎదుటివాళ్లు ఏటంటారో మనమే రాసి జవాబు చెప్పాలట. నువ్వే ఎదుటివాడివి తాతా, అడుగు."

"పోయినోడు గవరయ్యేనని నీకెలా తెలుసు?"

"శవం జేబులో అతని డాక్ పని కార్డు దొరికింది. ఆసుపత్రి కాగితంలోనూ అదే పేరు."

"కార్డుదేటుంది? ఒకడికి జొరమొస్తే ఆడి కార్డు మీద ఇంకోడు పన్లోకి దిగీవోడు. అందరం అలాగే సేసీవోలం. మా ముఠా సర్దారుకి తెలిసినా నోరెత్తీవోడు కాదు."

సుజన కలం ఆగింది. ఈ సంగతి ఏ కాగితంలోనూ లేదు.

"సరే, పోయింది బదిలీ మనిషే అనుకుందాం. మరి అసలు గవరయ్య, బతికే ఉన్నానని ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే జైల్లో ఏస్తారనుకున్నాడు. కొత్తగా పెళ్లయినోడు. బయపడిపోనాడు."

"మరి పేరు లేకుండా ఎలా బతికాడు?"

"పోయినోడి పేరు సెప్పుకుని ఇంకో గేటులో పన్లో సేరాడు."

వంటింట్లో అమ్మన్నమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది. నాయనమ్మ కూడా వింటోందని సుజన సంబరపడింది.

"కథ బాగుంది తాతా. కానీ ఊహకి మార్కులు రావు. రేపు ఇలాగే ఇచ్చేస్తాను. సంఘం పెద్దలు కాదనలేరు. గవరయ్య పేరు రాయి ఎక్కుతుంది."

"వొద్దమ్మా. ఆ పేరు సెక్కితే పోయినోడు మల్లీ పోతాడు. ఆడికీ ఒక తల్లుండేది. కొడుకు కలకత్తాలో బతికే ఉన్నాడనుకుని కన్ను మూసింది."

తాత ఏడవడం సుజన అంతవరకూ చూడలేదు. అయినా నెల రోజుల కష్టం వదులుకోబుద్ధి కాలేదు.

"అయితే ఒక్క సాక్షిని చూపించు. మొత్తం తిరగరాస్తాను."

అమ్మన్నమ్మ గుమ్మంలోకి వచ్చి, వద్దన్నట్టు తల ఊపింది. కోదండం ఆమె వైపు చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు.

"గవరయ్యని నానే."